సైకిల్ తొక్కితే మతిమరుపు జబ్బుకు మందు వస్తుందా?



మతిమరుపు జబ్బుతో ఉన్న పెద్దవారిని ఇంట్లో చూసుకొంటున్న వారి కోసం ఈ పాఠం రాస్తున్నాను. ఈ మధ్య వార్డులో మీలో చాలామంది ఒకే రకమైన ప్రశ్న అడుగుతున్నారు. ఇంగ్లండులోనో అమెరికాలోనో ఉన్న కొడుకు దగ్గర నుండి ఫోనుకు ఒక సందేశం వస్తుంది. "నాన్న జబ్బు మీద జరిగే పరిశోధన కోసం నూరు మైళ్ళు సైకిల్ తొక్కుతున్నాను, మీకు తోచినంత ఇవ్వండి" అని అందులో ఉంటుంది. హెల్మెట్ పెట్టుకొన్న ఫోటో కూడా ఉంటుంది. మంచం పక్కన కూర్చున్న అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "వాడు అక్కడ సైకిల్ తొక్కితే ఈయనకు ఇక్కడ గుణం ఎలా వస్తుందమ్మా?" అంటుంది. కొందరికి కోపం కూడా వస్తుంది. ఆ ఖర్చుతో ఒకసారి వచ్చి చూసి పోవచ్చు కదా అంటారు.

ఆ అమ్మ అడిగినది న్యాయమైన ప్రశ్న. ఆ కొడుకు చేసేది కూడా వెర్రి పని కాదు. రెండూ ఎలా నిజమో తెలియాలంటే ముందు జబ్బు సంగతి కొంచెం తెలుసుకోవాలి.

జబ్బు ఏమిటి?

డిమెన్షియా అంటే జ్ఞాపకశక్తి, ఆలోచన, మాట, రోజువారీ పనులు చేసుకొనే శక్తి క్రమంగా తగ్గిపోయే స్థితి. దానికి కారణాలు అనేకం. నూటికి 60 నుండి 70 మందిలో అల్జీమర్స్ జబ్బు కారణం. మెదడులోని రక్తనాళాలు మూసుకొనిపోయి, చిన్న చిన్న పక్షవాతపు దెబ్బల వలన వచ్చేది ఇంకొక రకం. బి.పి., షుగరు ఎక్కువగా ఉన్న మన ప్రాంతంలో ఈ రకాన్ని, రెండూ కలిసిన రకాన్ని కూడా చూస్తుంటాము. 1906లో ఆలోయిస్ అల్జీమర్ అనే జర్మన్ వైద్యుడు తన దగ్గర చికిత్స పొంది చనిపోయిన ఒక స్త్రీ మెదడును సూక్ష్మదర్శినిలో పరీక్షించి, అందులో కనిపించిన గడ్డల వంటి మచ్చలను, చిక్కుపడిన దారాల వంటి వాటిని వైద్యుల సభలో వివరించాడు. ఆయన పేరే ఈ జబ్బుకు నిలిచింది. ఆ మచ్చలలో ఉండేది అమిలాయిడ్ అనే ప్రోటీను, చిక్కులలో ఉండేది టౌ అనే ప్రోటీను.

కాబట్టి ఇది చాదస్తం కాదు, గాలి సోకటం కాదు, ఎవరో చేసిన చేతబడి అంతకన్నా కాదు. ఆయన కావాలని మిమ్మల్ని సతాయించటం లేదు. అన్నం తిని పది నిమిషాలకే "నాకు అన్నం పెట్టలేదు" అని పక్కింటివారితో చెబితే మీ పరువు పోయినట్లు అనిపిస్తుంది, నిజమే. కాని తిన్న సంగతి ఆయన మెదడులో రాసుకోలేదు. రాయని దాన్ని ఎవరూ చదవలేరు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచంలో 5 కోట్ల 70 లక్షల మందికి డిమెన్షియా ఉంది. మన దేశంలో 60 ఏళ్ళు దాటినవారిలో సుమారు 88 లక్షల మందికి, అంటే నూటికి ఏడుగురికి పైగా, ఈ స్థితి ఉందని 2023లో ప్రచురించిన ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది. మీ వీధిలోనే ఇంకొక ఇల్లు ఉంటుంది. వారు బయటికి చెప్పుకోరు, అంతే.

ఇక్కడ ఒక ముఖ్యమైన మాట. మతిమరుపు అంతా డిమెన్షియా కాదు. బి12 విటమిను లోపం, థైరాయిడ్ తగ్గటం, మనోవ్యాకులత, తలకు దెబ్బ తగిలి లోపల రక్తం గడ్డకట్టటం, కొన్ని నిద్రమాత్రలు, ఇవి కూడా అలాగే కనిపిస్తాయి. వీటికి చికిత్స ఉంది. నిన్నటి వరకు బాగున్న మనిషి ఈ రోజు ఉన్నట్టుండి తికమకగా మాట్లాడితే అది మూత్రంలో ఇన్ఫెక్షను కావచ్చు, ఒంట్లో ఉప్పు తగ్గటం కావచ్చు, పక్షవాతం కావచ్చు. ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకొని రండి. "మతిమరుపేగా, మెల్లగా చూపిద్దాం" అనుకోవద్దు.

అక్కడ సైకిల్ తొక్కి డబ్బు ఎలా పోగు చేస్తారు?

బ్రిటన్ దేశంలో ఇది పాత అలవాటు. మన దగ్గర మొక్కుకొని కొండకు నడిచిపోయినట్లు, గుడ్ ఫ్రైడే ముందు ఉపవాసం ఉన్నట్లు, వారు ఒక కష్టమైన పని తలకెత్తుకొంటారు. ఆ కష్టాన్ని చూపించి స్నేహితులను, తోటి ఉద్యోగులను, ఇరుగుపొరుగును ఒక మంచి పనికి ఇమ్మని అడుగుతారు. ఇచ్చినవారి డబ్బు తొక్కేవాడి జేబులోకి రాదు. నేరుగా ధర్మసంస్థకు పోతుంది. ఇచ్చేవారు ఆ దేశంలో పన్ను కట్టేవారైతే ప్రతి పౌనుకు ఇంకొక 25 పెన్సులు ప్రభుత్వం కలుపుతుంది.

అన్నిటికంటె పేరున్న దారి ల్యాండ్స్ ఎండ్ నుండి జాన్ ఓ గ్రోట్స్ వరకు పోయేది. ఇంగ్లండు నైరుతి కొసన మొదలుపెట్టి స్కాట్లండు ఈశాన్య కొస దాకా సైకిల్ మీద సుమారు 1,000 మైళ్ళు, అంటే 1,600 కిలోమీటర్లు. చాలామంది 10 నుండి 14 రోజులు తీసుకొంటారు. ఇచ్ఛాపురం నుండి తడ దాకా మన రాష్ట్రం పొడుగునా పోతే దాదాపు 1,000 కిలోమీటర్లు. దానికి ఒకటిన్నర రెట్లు అనుకోండి, పైగా కొండలు, వాన, ఎదురుగాలి. లండన్‌లో 2013 నుండి 2024 వరకు రైడ్‌లండన్ అనే కార్యక్రమం జరిగేది. వాహనాలు ఆపేసిన రోడ్ల మీద వేలమంది 100 మైళ్ళు ఒక్క రోజులో తొక్కేవారు. ఒక్కొక్కరు ఒక్కొక్క సంస్థ చొక్కా వేసుకొనేవారు. అంత దూరం తొక్కలేనివారికి వేరే పద్ధతి ఉంది. ఒక నెలలోనో రెండు నెలలలోనో ఇన్ని మైళ్ళు అని ఎంచుకొని, తమ ఊరి రోడ్డు మీదనో, ఇంట్లో కదలకుండా ఉండే వ్యాయామపు సైకిల్ మీదనో కొంచెం కొంచెంగా పూర్తి చేస్తారు. అల్జీమర్స్ రీసెర్చ్ యు.కె. అనే సంస్థ నడిపే సైక్లింగ్ డౌన్ డిమెన్షియా ఈ రకానిదే. ఆ సంస్థ 1992లో మొదలయింది. అల్జీమర్స్ సొసైటీ అనే ఇంకొక పెద్ద సంస్థ 1979లోనే మొదలయింది. అది పరిశోధనతోపాటు రోగుల కుటుంబాలకు సలహా, సహాయం కూడా చేస్తుంది.

ప్రజలే ఎందుకు ఇవ్వాలి, ప్రభుత్వం లేదా అని అడగవచ్చు. ప్రభుత్వం కూడా ఇస్తుంది. కాని చాలా కాలం క్యాన్సర్ పరిశోధనకు వచ్చిన డబ్బుతో పోలిస్తే డిమెన్షియాకు వచ్చినది చాలా తక్కువ. ముసలితనంలో ఇవన్నీ మామూలే అనే భావన అక్కడా ఉండేది. టెర్రీ ప్రాచెట్ అనే ప్రసిద్ధ ఇంగ్లీషు నవలా రచయిత తనకు అల్జీమర్స్‌లో ఒక అరుదైన రకం వచ్చిందని 2007 డిసెంబరులో అందరికీ చెప్పాడు. మరుసటి సంవత్సరం తన సొంత డబ్బు పది లక్షల డాలర్లు పరిశోధనకు ప్రకటించాడు. పేరున్న మనిషి సిగ్గుపడకుండా చెప్పేసరికి చాలామందికి నోరు పెగిలింది. ఆయన 2015లో మరణించాడు. 2022లో ఇంగ్లండు, వేల్స్ దేశాలలో మరణాలకు మొదటి కారణం డిమెన్షియాయే. ప్రతి ఇంటికీ తెలిసిన జబ్బు కనుకనే అన్ని సైకిళ్ళు రోడ్డెక్కుతున్నాయి.

ఆ డబ్బుతో ఏమి జరిగింది?

ఇది మీరు జాగ్రత్తగా చదవాలని కోరుతున్నాను. ఆశ పెంచటానికి రాయటం లేదు, తుంచటానికీ కాదు.

పరిశోధన అనగానే మనకు తెల్ల కోట్లు, పెద్ద యంత్రాలు గుర్తుకొస్తాయి. కాని ఈ జబ్బు విషయంలో ఒక పెద్ద తలుపు తెరిచినది రోగి కుటుంబమే. ఇంగ్లండులో కారల్ జెన్నింగ్స్ అనే ఒక ఉపాధ్యాయురాలి ఇంట్లో తండ్రికి, ఆయన తోబుట్టువులలో పలువురికి యాభైల వయస్సులోనే ఈ జబ్బు వచ్చింది. ఇది ఊరికే జరిగేది కాదని ఆమెకు అనిపించింది. 1980లలో లండన్‌లోని పరిశోధకులకు ఉత్తరం రాసింది. జాన్ హార్డీ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఆ కుటుంబం వారి రక్తం పరీక్షించి, అమిలాయిడ్‌ను తయారుచేసే జన్యువులో లోపం ఉందని 1991లో ప్రకటించారు. ఆ తరువాత వచ్చిన మందుల ప్రయత్నాలలో చాలా భాగం ఆ దారిలోనే నడిచాయి. కారల్ జెన్నింగ్స్‌కు కూడా అదే జబ్బు వచ్చి 2024లో చనిపోయింది. (ఇది విని మీ పిల్లలకు వస్తుందేమోనని భయపడకండి. ఇలా నేరుగా వంశంలో దిగే రకం చాలా అరుదు.)

అక్కడ నుండి మందు దాకా ముప్పై ఏళ్ళు పైన పట్టింది. ఎన్నో మందులు పరీక్షలో విఫలమయ్యాయి. లెకానెమాబ్ అనే మందుకు 2023లోను, డొనానెమాబ్ అనే మందుకు 2024లోను అమెరికా పూర్తి అనుమతి ఇచ్చింది. ఇవి మెదడులోని అమిలాయిడ్‌ను తొలగిస్తాయి. లెకానెమాబ్‌ను 1,795 మంది మీద 18 నెలలు పరీక్షించారు. మందు తీసుకొన్నవారిలో జబ్బు ముదరటం 27 శాతం నెమ్మదించింది. జబ్బు ఆగలేదు, పోయిన జ్ఞాపకం తిరిగి రాలేదు. నెమ్మదించింది, అంతే. అది కూడా జబ్బు మొదటి దశలో ఉన్నవారికే. నరంలోకి ఎక్కించాలి, మాటిమాటికీ మెదడు స్కాన్లు తీయాలి. కొందరికి మెదడులో వాపు, రక్తస్రావం వస్తాయి. ఖర్చు చాలా ఎక్కువ. ఆ ఖర్చుకు తగిన ప్రయోజనం లేదని బ్రిటన్‌లో ప్రభుత్వ వైద్య సేవలో వీటిని ఇవ్వవద్దని 2025లో అక్కడి సంస్థ సిఫారసు చేసింది. 2025లోనే రక్తపరీక్షతో అల్జీమర్స్ మచ్చల జాడ పట్టే ఒక పద్ధతికి అమెరికా అనుమతి ఇచ్చింది. ఇది కూడా గుర్తుపట్టటానికే గాని నయం చేయటానికి కాదు.

అందుచేత మంచం మీద ఉన్న పెద్దాయనకు, జబ్బు ముదిరినవారికి, ఈ సంవత్సరం తొక్కిన సైకిల్ వలన ఈ సంవత్సరం మందు రాదు. ఈ మాట మీకు చెప్పవలసిన బాధ్యత మాది. "కొత్త మందు వచ్చింది, తెప్పిస్తాం" అని ఎవరైనా లక్షలు అడిగితే ముందు నరాల వైద్యుని అడగండి, పొలం అమ్మిన తరువాత కాదు.

పరిశోధన అంతా విదేశాలలోనే జరగటం లేదు. హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి గారు, ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం వారితో కలిసి 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించి 2013లో ప్రచురించారు. ఒకే భాష మాట్లాడేవారి కంటే రెండు భాషలు మాట్లాడేవారికి జబ్బు నాలుగున్నర సంవత్సరాలు ఆలస్యంగా మొదలయిందని తేలింది. చదువు రానివారిలో కూడా ఆ తేడా కనిపించింది. తెలుగు, ఉర్దూ కలిపి మాట్లాడే మన హైదరాబాదు వీధులు ప్రపంచానికి ఒక సంగతి నేర్పాయి. కర్ణాటకలోని కోలారు జిల్లా శ్రీనివాసపురం తాలూకా పల్లెలలో, మన సరిహద్దుకు ఆనుకొని తెలుగు మాట్లాడేవారు ఎంతోమంది ఉన్న చోట, బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన మెదడు పరిశోధన కేంద్రం 45 ఏళ్ళు దాటిన 10,000 మందిని ఏళ్ళ తరబడి పరిశీలించే పని పెట్టుకొంది. తెల్లవారి మెదడు మీద కనుక్కొన్నదంతా మన రాగిసంకటి తినేవారికి వర్తిస్తుందో లేదో అలాగే తెలుస్తుంది.

సైకిల్ తొక్కేవాడికి కూడా మేలే

2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక నియమించిన నిపుణుల సంఘం, మనం మార్చుకోగల 14 కారణాలను సరిచేస్తే డిమెన్షియాలో దాదాపు 45 శాతాన్ని నివారించటమో ఆలస్యం చేయటమో సాధ్యమని తెలిపింది. బి.పి., షుగరు, ఊబకాయం, చెడు కొలెస్ట్రాల్, పొగ, మద్యం, కదలకుండా కూర్చోవటం, వినికిడి లోపం, చూపు లోపం, మనోవ్యాకులత, ఒంటరితనం, తలకు దెబ్బ, గాలి కాలుష్యం, చిన్నతనంలో చదువు లేకపోవటం, ఇవీ ఆ కారణాలు. వీటిలో సగం వాటిని సైకిల్ ముట్టుకొంటుంది. బ్రిటన్‌లో సుమారు 4 లక్షల 80 వేల మందిని పరిశీలించి 2025లో ప్రచురించిన అధ్యయనంలో, రాకపోకలకు సైకిల్ వాడేవారిలో డిమెన్షియా 19 శాతం తక్కువగా కనిపించింది. సైకిల్ తొక్కేవారు మొదటి నుండి ఆరోగ్యవంతులే కావచ్చు కనుక దాన్ని హామీగా తీసుకోకూడదు. అయినా నష్టం లేని సలహా.

తలకు దెబ్బ అనే మాట గమనించారా? డిమెన్షియా కోసం సైకిల్ తొక్కుతూ హెల్మెట్ పెట్టుకోకపోవటం కంటే విడ్డూరం లేదు. మోటారు సైకిల్ మీద పోయే మీ అబ్బాయిలకు కూడా ఈ మాట చెప్పండి.

మన ఇంటిలో ఎవరైనా పూనుకొంటే

విదేశంలో ఉన్న పిల్లలే కాదు, ఇక్కడి యువజన సంఘం పిల్లలు కూడా "మేమూ తొక్కుతాం సిస్టర్" అంటున్నారు. మంచిదే. కాని కాలేజీ రోజుల తరువాత సైకిల్ ముట్టని నలభై ఏళ్ళ కంప్యూటర్ ఉద్యోగి ఒక్కసారిగా 160 కిలోమీటర్లు తొక్కుతానంటే నాకు ఆయన నాన్నగారి కంటే ఆయన గుండె గురించే భయం వేస్తుంది.

40 ఏళ్ళు దాటినవారు, బి.పి., షుగరు ఉన్నవారు, ఇంట్లో చిన్న వయస్సులో గుండెపోటు వచ్చినవారు ముందుగా డాక్టరుకు చూపించుకోవాలి. గంటకు 18 కిలోమీటర్ల చొప్పున పోయినా 100 మైళ్ళకు తొమ్మిది గంటలు పడుతుంది. అంతసేపు కూర్చోవటానికే మూడు నాలుగు నెలల అలవాటు కావాలి. వారానికి మూడు రోజులు తొక్కి, వారం వారం దూరాన్ని పదో వంతు చొప్పున పెంచితే మోకాళ్ళు మొరాయించవు. పెడలు అడుగుకు వచ్చినప్పుడు కాలు దాదాపు చాపుకొని, మోకాలి దగ్గర కొంచెం మాత్రమే వంగి ఉండేటట్లు సీటు ఎత్తు పెట్టించుకోవాలి. మన దగ్గర చాలామంది సీటు కిందికి దించి మోకాళ్ళు గడ్డానికి తగిలేటట్లు తొక్కుతారు. మోకాలి నొప్పి అక్కడ నుండే మొదలు.

మన ఎండ ఇంగ్లండు ఎండ కాదు. తెల్లవారుజామున బయలుదేరి తొమ్మిది గంటలకు ఇల్లు చేరాలి. ఏప్రిల్, మే నెలలలో దూరపు ప్రయాణం పెట్టుకోవద్దు. ఒట్టి నీళ్ళు లీటర్లకొద్దీ తాగటం కంటే ఉప్పు వేసిన మజ్జిగ, ఓ.ఆర్.ఎస్. నీళ్ళు, అరటిపండు మేలు. మూత్రం ముదురు పసుపుగా వస్తుంటే నీళ్ళు చాలటం లేదని అర్థం. చెమట ఆగిపోయి, ఒళ్ళు కాలిపోతూ, మాట తడబడితే వడదెబ్బ. వెంటనే నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్ళు పోసి, ఆసుపత్రికి తేవాలి. ఇన్సులిను గాని షుగరు మాత్రలు గాని వాడేవారు జేబులో గ్లూకోజు పొడి పెట్టుకోవాలి. చేతులు వణకటం, చల్ల చెమట, కళ్ళు తిరగటం వస్తే సైకిల్ దిగి మూడు చెంచాల గ్లూకోజు గాని చక్కెర గాని నీళ్ళలో కలిపి తాగాలి, పదిహేను నిమిషాలు ఆగాలి. ఛాతీలో బరువు, ఎడమ చేతికి గాని దవడకు గాని నొప్పి పాకితే పందెం అక్కడితో సరి. డబ్బు ఇచ్చినవారు ఏమీ అనుకోరు.

డబ్బు విషయంలో ఒక హెచ్చరిక. ఎవరి పేరున పోగు చేస్తున్నారో ఆ సంస్థ రసీదు రావాలి. వ్యక్తి ఖాతాకు పంపమంటే పంపవద్దు. తెలిసినవారి ఫోటో పెట్టి వచ్చే దొంగ సందేశాలు కూడా ఉన్నాయి కనుక ఒకసారి ఫోను చేసి మాట్లాడి నిర్ధారించుకోండి.

డబ్బుకంటే నాకు బాధ కలిగించేది ఫోటోల సంగతి. జాలి కలగటానికని మంచం మీద చొంగ కారుతున్న తల్లిని, డయాపరుతో ఉన్న తండ్రిని ఫోటో తీసి వందమందికి పంపేవారిని చూశాను. ఆయన ఒకప్పుడు పంచె మడత నలగకుండా నడిచిన మనిషి. ఇప్పుడు వద్దని చెప్పుకోలేడు. తల్లిదండ్రులను గౌరవించమనే ఆజ్ఞ పది ఆజ్ఞలలో ఉన్నది వారు బలంగా ఉన్నప్పుడు పాటించటానికి మాత్రమే అనుకోకండి. ఫోటో కావలసి వస్తే ఆయన ఉద్యోగం చేసే రోజులలోది, పెళ్ళినాటిది పెట్టండి. వార్డులో ఇతర రోగులు పడేటట్లు ఫోటోలు తీయవద్దని కూడా మనవి.

రోగి తానే సైకిల్ అడిగితే

మన ఊళ్ళలో పోస్టుమాన్లు, పంతుళ్ళు, మిల్లు కార్మికులు జీవితమంతా సైకిల్ మీద తిరిగినవారే. కొడుకు పేరు మరచిపోయిన మనిషి సైకిల్ ఎక్కి చక్కగా తొక్కుకొంటూ పోతాడు. చూసినవారు ఈయనకు జబ్బేమిటి, నటన అంటారు. పేర్లు, సంగతులు దాచుకొనే చోటు వేరు, చేతులు కాళ్ళు నేర్చుకొన్న పనులు దాచుకొనే చోటు వేరు. అల్జీమర్స్ ముందుగా మొదటి చోటును పాడుచేస్తుంది. రెండవది చాలా కాలం నిలుస్తుంది. తొక్కటం గుర్తుంటుంది, ఇంటికి దారి గుర్తుండదు, ఎదురుగా వచ్చే లారీ ఎంత దూరంలో ఉందో లెక్క కుదరదు.

కొందరు రాత్రిపూట చక్రంలో గాలి తీసేస్తారు. అలా చేసిన ఒక ఇంట్లో పెద్దాయన సైకిల్ నడిపించుకొంటూ పంక్చరు షాపు వెదుక్కొంటూ పోయి సాయంత్రానికి పక్క ఊరిలో దొరికాడు. తాళం వేసి ఎదురుగా పెట్టినా రోజంతా దానితో పెనుగులాటే. సైకిల్‌ను కంటికి కనపడని చోట పెట్టి, ఆ సమయానికి ఆయనను వేరే పనిలో పెట్టటం మేలు. జబ్బు మొదటి దశలో ఉంటే పొద్దున్నే చర్చి ఆవరణలోనో బడి మైదానంలోనో పక్కన ఒకరు ఉండి రెండు చుట్లు తొక్కనివ్వండి. ఆ రోజు రాత్రి ఆయన నిద్ర ఎలా ఉందో చూడండి. చొక్కా జేబులో పేరు, మీ ఫోను నంబరు రాసిన చీటీ ఎప్పుడూ ఉండాలి. చొక్కా మార్చినప్పుడు చీటీ కూడా మారాలి.

డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగెన్‌లో 2012లో ఓలె కాసో అనే ఆయన వృద్ధులను ముందు కూర్చోబెట్టుకొని మూడు చక్రాల సైకిల్ మీద ఊరు తిప్పటం మొదలుపెట్టాడు. సైక్లింగ్ వితౌట్ ఏజ్ అనే పేరుతో అది ఇప్పుడు ఎన్నో దేశాలకు వ్యాపించింది. మనకు అది కొత్త కాదు. మనది రిక్షాల దేశమే. వారానికి ఒకసారి అమ్మను రిక్షాలోనో ఆటోలోనో ఆమె కాపురం చేసిన పాత వీధికి తీసుకొని వెళ్ళండి. ఇల్లు గుర్తుపట్టకపోయినా వేపచెట్టును గుర్తుపట్టవచ్చు.

ఇంట్లో ఉన్నవారి సంగతి

ఇక మొదట్లో చెప్పిన ఆ కొడుకు దగ్గరకు వద్దాం. అతడు తొక్కుతున్న సమయంలో ఇక్కడ ఎవరు మేలుకొని ఉన్నారు? చాలా ఇళ్ళలో కోడలు, లేదా పెళ్ళయి అదే ఊళ్ళో ఉన్న కూతురు, లేదా తనకే డెబ్బై ఏళ్ళు దాటిన భార్య. రాత్రి మూడుసార్లు లేచి తలుపు గడియ చూసుకొనేది ఆమె. ఆమె పేరున ఎవరూ చందా వేయరు. నడుము నొప్పి, నిద్రలేమి, ఊరికే కన్నీళ్ళు రావటం ఇవన్నీ ఆమెకు ఉంటే అది బలహీనత కాదు. ఆమెను కూడా ఓ.పి.లో చూపించండి. మనసు బాగాలేనప్పుడు ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు, వృద్ధుల విషయంలో సహాయానికి 14567కు ఉచితంగా ఫోను చేయవచ్చు. తెలుగులో మాట్లాడతారు.

కొడుకును తిట్టవద్దు. దూరంగా ఉండి ఏమీ చేయలేక, చేయగలిగినది వెదుక్కొన్నాడు. కాని ఒక మాట అతనికి స్పష్టంగా చెప్పండి. పరిశోధనకు ఇచ్చేది ఇవ్వనీ, దానితోపాటు వారానికి రెండు రాత్రులు తండ్రి దగ్గర పడుకోవటానికి ఒక ఆయాను పెట్టే ఖర్చు కూడా భరించమనండి. సాధన చేసే రోజులలో తొక్కటం అయిన వెంటనే వీడియోలో నాన్నతో ఐదు నిమిషాలు మాట్లాడమనండి. "నేనెవరో చెప్పు నాన్నా" అని పరీక్ష పెట్టకూడదు. "నాన్నా, నేను మీ చిన్నోడిని, ఈ రోజు సైకిల్ మీద చాలా దూరం వెళ్ళాను, మీరే కదా నేర్పింది" అని తానే చెప్పాలి. సెలవు మీద వచ్చినప్పుడు చుట్టపు చూపుగా కాకుండా, రెండు వారాలు పూర్తిగా బాధ్యత తీసుకొని వదినెను పుట్టింటికి పంపమనండి.

వచ్చే ఓ.పి.కి వచ్చేటప్పుడు వాడుతున్న మందులన్నీ ఒక సంచిలో వేసుకొని రండి. ఆయుర్వేదం, నాటు మందులు ఏవైనా ఉంటే అవి కూడా తెండి, ఎవరూ ఏమీ అనరు. మార్పు ఏ నెలలో మొదలయింది, మొదట ఏమి మరచిపోయారు, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారు, ఎప్పుడైనా పడ్డారా, ఇవి ఒక కాగితం మీద రాసి తెస్తే డాక్టరు గారికి చాలా సహాయం. రాత్రి ఆయన దగ్గర పడుకొనే మనిషి తప్పనిసరిగా వెంట రావాలి. ఎన్నిసార్లు లేచారో తెలిసేది వారికే.